‘రైట్ రైట్’ అన్నదెవరు?

డ్రైవర్ బాబాయ్ పోయాడన్న కబురు నాకు గజపతినగరంలో అందింది. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండులో టీ కొట్టాయన ఫోన్ చేశాడు. “అమ్మా, బాబాయ్ లేడు. బెంచీ మీద కూకున్నోడు కూకున్నట్టే ఉండిపోనాడు.” ఎప్పట్లాగే కళ్లు మూసుకుని బండ్ల చప్పుడు వింటున్నాడనుకున్నారట. సాలూరు బస్సు వెళ్లింది, పార్వతీపురం బస్సు వెళ్లింది, ఆ తర్వాత గానీ ఎవరూ ఆయన్ని కదపలేదు. ఇక్కడ నా బస్సు బయల్దేరాలి. రైట్ చెప్పాల్సింది నేను. డ్రైవరు హారన్ కొట్టేదాకా ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

పద్నాలుగేళ్లు ఆయన బండికి నేను కండక్టర్ని. నాకు నలభై దాటినా “గుంటా” అనే పిలిచేవాడు, నిన్నకాక మొన్న ఓణీ వేసుకున్న పిల్లని పిలిచినట్టు. మాకిచ్చిన బస్సు డిపోలో అన్నిటికంటే పాతది. వానొస్తే లోపల గొడుగు తియ్యాలి. ఇంజను డ్రైవరు పక్కనే మూత కింద రంకెలేసేది. పొద్దున్నే ఆ మూత మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకునేవాడు. “పలకతన్నాది, ఎక్కు” అంటే సరే. “ఏటో గొణుగుతన్నాది” అన్నాడా, సాలూరు దాకా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని టిక్కెట్లు కొట్టేదాన్ని. చాలాసార్లు ఆ గొణుగుడు నిజమయ్యేది.

ఆయనకో పట్టుదల ఉండేది. నేను మెట్లు చూసుకుని, నా గొంతుతో, రెండుసార్లు రైట్ అంటేనే బండి కదిలేది. ఒకసారి జలుబు చేసి గొంతు బొంగురుపోతే, “ఎవులే నివ్వు?” అని వెనక్కి తిరిగి నా మొహం చూశాకే గేరు వేశాడు. జనమంతా నవ్వారు. గంటస్తంభం దగ్గర వెనకాల ఆటోలు హారన్లు కొడుతున్నా అంతే. నాకు చిరాకేసేది.

“ఏటి బాబాయ్ నీ సాదస్తం?” అని ఒకరోజు అడిగేశాను. కోట పక్కన బండి ఆపుకుని టీ తాగుతున్నాం.

“నాకు పెళ్లి కాకముందు మాట,” అన్నాడు. “మూడు లాంతర్ల జంక్షన్ కాడ ఆపినాను. ఎనకాల రైట్ రైట్ అని ఇనిపించింది. లాగించీసినాను. ఒక ముసలమ్మ ఇంకా ఒక కాలు మెట్టు మీదే ఉన్నాది.”

గ్లాసులో టీ చల్లారిపోయింది. ఆయన తాగలేదు.

“కండక్టరు టాపు మీద మూటలు సర్దతన్నాడు. ఆడు అన్లేదు. బస్సులో ఎవులూ మేమన్నామని ఒప్పుకోలేదు. ఆ గొంతు ఎవులిదో నాకిప్పటికీ తెల్దు గుంటా. ఇప్పుడు కూడా అప్పుడప్పుడు ఇనిపిస్తాది.”

ఆ ముసలమ్మ బతికిందా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ రోజు నుంచి మెట్లు చూడకుండా నేను నోరు తెరిస్తే ఒట్టు.

రిటైరయ్యాక రోజూ కాంప్లెక్సుకి వచ్చి ఆ బెంచీ మీదే కూర్చునేవాడు. ఈమధ్య కొత్త కరెంటు బస్సులొస్తే, ఒకదాని చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు. “అన్నీ బాగున్నాయి. సప్పుడే లేదు. వచ్చినట్టూ తెల్దు, ఎల్నట్టూ తెల్దు.”

“ఇందులో గొంతు సించుకోనక్కర్లేదు బాబాయ్. తలుపు పక్కనున్న బటన్ రెండుసార్లు నొక్కితే డ్రైవరు కాడ గంట మోగుతాది,” అన్నాను గొప్పగా.

“ఆ నొక్కింది నివ్వేనని ఆడికెలా తెలుస్తాది?”

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే.

పెదకర్మ అయిన మర్నాడు నాకు ఆ కొత్త బస్సే డ్యూటీ పడింది. గంటస్తంభం దగ్గర పూలబుట్టతో ఒకావిడ దిగుతోంది. నేను వెనక సీట్ల దగ్గర టిక్కెట్టు ఇస్తున్నాను. గంట రెండుసార్లు మోగింది. తలుపు ఇంకా మూసుకోనేలేదు, బండి కదిలిపోయింది. ఏ చప్పుడూ లేదు.

“హోల్డాన్! బాబాయ్, హోల్డాన్!”

అద్దాల గదిలో కూర్చున్న కొత్త డ్రైవరుకి వినపడలేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి టిక్కెట్ మిషనుతో అద్దం మీద బాదాను. బండి ఆగింది. ఆవిడ మోకాళ్లు చెక్కుకుపోయాయి, పూలన్నీ చక్రం కింద నలిగాయి. లేచి నిలబడి మా ఇద్దరినీ దుమ్మెత్తిపోసింది. ఆ తిట్లు వింటుంటే నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి.

“మీరే నొక్కినారు కదా మేడమ్? రెండుసార్లు మోగినాది,” అన్నాడు డ్రైవరు, మొహం పాలిపోయి.

బస్సులో ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. రద్దీలో ఎవరి మోచెయ్యో, ఎవరి సంచో తగిలుంటుందని సర్దిచెప్పుకున్నాను. పద్నాలుగేళ్లలో మా పాత బండి మెట్ల మీంచి ఒక్కరూ పడలేదు. అది ఎవరి చలవో ఆ రోజే పూర్తిగా తెలిసింది. చెప్పుకుందామంటే బెంచీ ఖాళీ.

ఇప్పుడు మెట్లు చూసి, ముందుదాకా నడిచి వెళ్లి, అద్దం తట్టి, డ్రైవరు నా మొహం చూశాకే రైట్ రైట్ అంటున్నాను. జనం విసుక్కుంటున్నారు. పర్లేదు.

నిన్న సాలూరులో నేను సగం దూరం నడిచానో లేదో, గంట రెండుసార్లు మోగింది. డ్రైవరు బండి కదపలేదు. అద్దంలోంచి వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఇద్దరం ఒకేసారి బటన్ కేసి చూశాం. బస్సులో సగం సీట్లు ఖాళీ. బటన్ దగ్గర ఎవరూ లేరు.