సీలు వేసిన కవరులో పాములు

ఆ రోజు తప్పు చేసింది నేను. తల దించుకోవలసి వచ్చింది నా విద్యార్థిని స్వప్నకు. తెల్లవారుజామున బయలుదేరే హడావుడిలో, పాత విద్యార్థి కోసం రాసిన సిఫారసు లేఖలో పేరు మాత్రం మార్చి, మళ్లీ చదవకుండా సంతకం పెట్టి కవరు అంటించాను.

చేను పాడుచేసే కోతుల మీద రైతుకు కోపమెంత, జాలి ఎంత అన్నది స్వప్న పీహెచ్‌డీ. కొలంబో సదస్సుకు ఆమె వ్యాసం ఎంపికైంది. వన్యప్రాణుల రక్షణలో మనిషి మనసును చదివే పరిశోధకులకు ప్రయాణ గ్రాంటిచ్చే ఒక ట్రస్టు పంజాగుట్టలో ఇంటర్వ్యూకు పిలిచింది. అది రాకపోతే ఆమెకు కొలంబో లేదు.

ఆరుంబావుకు కాజీపేటలో రైలెక్కాం. ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ, "కోతుల మీద చదువా బిడ్డా? మా మక్కచేను మొత్తం తిన్నయ్. వాటికి సుత జర బుద్ధి చెప్పు!" అంది.

"కొట్టలేదా అవ్వా?"

"కట్టె ఎత్తిన. కడుపు కింద పిల్ల ఉండె. ఎట్ల కొడ్తం?"

స్వప్న గబగబా నోటుబుక్కు తీసింది.

సికింద్రాబాద్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే, తర్వాతి స్టేషనే పంజాగుట్ట. కొత్తవాళ్లు అమీర్‌పేటలో పది నిమిషాలు అదనంగా ఉంచుకోండి, ఆ జనంలో దారి తోచదు. ఇడ్లీ తిని పదకొండుకు ఆఫీసు చేరాం. కవరు ఆమె చేతికిచ్చి పంపాను. గైడు రాసింది విద్యార్థి చూడకూడదని మా ఆనవాయితీ. పాపం, ఆమెకు తెలిసే వీలే లేదు.

అరగంటకు బయటికొచ్చింది. "సార్, పాముల గురించి అడిగిన్రు. నాది కోతుల మీద అంటే, లెటర్‌లో పాములున్నయ్, ఏది నిజమన్నరు."

"నువ్వేమన్నావు?"

"మా సార్ పొరపాటు చెయ్యరన్న."

ఆ పాత విద్యార్థి పరిశోధన పాముల మీద. వెంటనే లోపలికి వెళ్లి బతిమాలితే, మూడింటిలోగా సరైన లేఖ తెమ్మన్నారు. అమీర్‌పేటలో టైపింగ్ దుకాణం వెతికాం. దుకాణదారు ఉత్సాహంగా, "రికమండేషన్ లెటరా అన్నా? ఫార్మాట్ రెడీ ఉన్నది. పేరు మారిస్తే చాలు" అన్నాడు.

"ఆ పని చేసే ఇక్కడిదాకా వచ్చాను భాయ్. రెండు తెల్లకాగితాలివ్వు."

రైల్లో పెద్దమ్మ చెప్పిన మాట, దాన్ని స్వప్న రాబట్టిన తీరు చేత్తోనే రాశాను.

గడువులోగా తిరిగెళ్లి ఇస్తే, ఇంటర్వ్యూ కన్వీనరు మేడం అది చదివి, "ఏంటండీ మాస్టారూ, మీ తప్పుకి ఆ అమ్మాయిని నిలదీశాం. కాగితం ఇచ్చి వెళ్తే ఎలా?" అంది. నిజమే. సభ్యులందరి ముందు, స్వప్నను పక్కనే ఉంచుకుని, లేఖ కాపీ చేశానని, ఆమె చివరి అధ్యాయం నేనింకా చదవనేలేదని చెప్పాను. వాళ్లు ఆమెను మళ్లీ కూర్చోబెట్టి పావుగంట కోతుల గురించే అడిగారు. ఫలితం వారంలో చెబుతామన్నారు.

సాయంత్రం తిరుగు రైల్లో సంచిలోంచి ఆమె థీసిస్ ప్రతి తీసి చదవడం మొదలుపెట్టాను. భువనగిరి దాటాక స్వప్న నెమ్మదిగా, "సార్, అది పాతది. కొత్తది మీకు మూడు నెలల కిందనే మెయిల్ చేసిన" అంది.

పాతది మూసి ఫోన్ తెరిచాను. మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను.