రేపల్లె డబ్బా నీళ్లు, మా నాంచారక్క

నాంచారక్క లేదట.

నిన్న పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి ఆ మాట అంటే "ఏ నాంచారక్క?" అని అడిగాను. మాకున్నది ఒక్క నాంచారక్కే. అయినా అడిగాను. బుర్ర పనిచేయలేదు.

తెనాలి నుంచి రేపల్లె ట్రైన్‌లో, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరేదాకా ఫోన్ చూస్తూనే ఉన్నాను. అప్పటికే గ్రూపులన్నీ నిండిపోయాయి. దండం ఎమోజీలు, దీపం బొమ్మలు.

"నీటి కోసం పోరాడిన వీరవనిత" అని ఒకాయన స్టేటస్ పెట్టాడు. బతికుండగా ఈవిడ ఫోన్ చేస్తే ఎత్తని మనిషి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్క మా పెద్దమ్మ కూతురు. నిజాంపట్నం దగ్గర మా చిన్న పాలేనికే కోడలుగా వచ్చింది. ఎండుచేపలు రేపల్లె తీసుకెళ్లి అమ్మేది. బస్సులో ఎవరైనా బుట్ట చూసి ముక్కు మూసుకుంటే, "కిటికీ నీ పక్కనే ఉందిగా బాబూ, తెరుచుకో" అనేది. అలాంటి మనిషి.

మా బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేం. ఉప్పు, దాని వెనకే చేదు. పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. పిల్లల పళ్ల మీద పసుపు మచ్చలు. కొనగలిగినవాళ్లు రేపల్లె నుంచి ఆటోలో వచ్చే డబ్బా నీళ్లు కొనుక్కుంటారు. అక్క ఇంట్లో ఆ డబ్బా పిల్లలకీ, అత్తకీ. తను మాత్రం బోరు నీళ్లే తాగేది. ఎంత చెప్పినా వినలేదు.

కిడ్నీలు పోయాయి.

నీళ్ల వల్లే అని డాక్టరు రాయలేదు. రాయరు. "ఏం నీళ్లు తాగుతావమ్మా?" అని మాత్రం అడిగారట.

తాగే నీళ్లు పాడైన చిన్న ఊళ్లకి ఫిల్టర్ ప్లాంట్ పెట్టుకోవడానికి గ్రాంటు ఇస్తారని మార్కెట్‌లో ఎవరో చెప్పారు. అంతే, బాపట్లలో జిల్లా ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆఫీసుకి వెళ్లే రోజు మాత్రం చేపల బుట్ట ముట్టుకునేది కాదు. వాసనొస్తే లోపలికి రానివ్వరని భయం.

తిరగ్గా తిరగ్గా శాంపిల్ తీసుకోవడానికి ఇద్దరు వచ్చారు. ఆ రోజు అక్క ఊళ్లో లేదు. రేపల్లె ఆసుపత్రిలో ఉంది.

ఇక మావాళ్ల ఘనకార్యం వినండి.

ఆఫీసర్లు వచ్చారని నీడలో కుర్చీలు వేశారు. కూల్‌డ్రింకులు తెప్పించారు. ఎండలో బోరు దాకా నడవడం ఎందుకని ఆ ఇద్దరూ కుర్చీల్లోంచి లేవలేదు. సీసా ఇచ్చి నీళ్లు పట్టి తెమ్మన్నారు. అక్క అత్తగారు ఆ సీసాని శుభ్రంగా కడిగి, పైట చెంగుతో తుడిచి, ఇంట్లో ఉన్న డబ్బా నీళ్లు నింపి చేతికిచ్చింది.

"ఇంటికొచ్చినోళ్ల చేతికి ఆ ఉప్పు కషాయం ఎట్టా ఇస్తామే?"

ఇదీ ఆవిడ వాదన. ఊరంతా ఆవిడ వైపే.

రిపోర్ట్ వచ్చింది. మా పాలెం నీళ్లు భేషుగ్గా ఉన్నాయట. గ్రాంటు అవసరం లేదట.

అక్క అత్తని ఒక్క మాట అనలేదు. నాకు ఫోన్ చేసి, "మర్యాద చేసి చంపారే చిట్టీ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మళ్లీ బాపట్ల. ఈసారి నేనూ వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పింది. "అంటే గవర్నమెంటుని మోసం చేశారన్నమాట" అన్నాడు ఆఫీసులో సారు. మేం తల దించుకుంటే ఆయనకి ఇంకాస్త ఊపొచ్చింది. "అయినా మీవి ఎన్ని ఇళ్లమ్మా? పెద్ద పెద్ద ఊళ్లే పెండింగ్‌లో ఉన్నాయి."

"చిన్న ఊళ్లకేనంట కదండి ఆ డబ్బులు. ఇంకెంత చిన్నగా అవ్వాలండి మేము?" అంది అక్క.

ఆయన ఫోన్ చూసుకున్నాడు. మళ్లీ మనుషుల్ని పంపే సంగతి చూద్దాం అన్నాడు.

డయాలసిస్‌కి తెనాలి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేది. నీరసంతో లేవలేక, మంచం మీద పడుకునే బాపట్లకి ఫోన్ చేసేది. "అవునండి, లేదండి, మీ దయండి" అని ఎంత మర్యాదగా మాట్లాడేదో. పెట్టేశాక తిట్టే తిట్లు మాత్రం ఇక్కడ రాయలేను.

నిన్న వచ్చారు ఆ శాంపిల్ వాళ్లు.

అవును, నిన్ననే. అక్కని ఇంకా తీసుకెళ్లలేదు. వాకిట్లో పడుకోబెట్టి ఉంది. ఆ ఇద్దరూ కారు దిగి, టెంటు చూసి ఆగిపోయారు.

చావింట్లో ఎవరినీ రండి అనం. కూర్చోమనం. మంచినీళ్లు కూడా ఇవ్వం. మా దగ్గర అదే పద్ధతి.

ఎవరూ కుర్చీ వేయలేదు. ఎవరూ సీసా అందుకోలేదు. అత్తగారు అక్క కాళ్ల దగ్గర కూర్చుని తల కూడా ఎత్తలేదు. వాళ్లు కాసేపు అటూ ఇటూ చూసి, ఇక చేసేదేం లేక, తమంతట తామే బోరు దాకా నడిచారు. వాళ్లే బోరు కొట్టుకున్నారు, వాళ్లే సీసాలో నీళ్లు పట్టుకున్నారు. మూత బిగించుకుని వెళ్లిపోయారు.

మా ఊరి నీళ్లు మొదటిసారి బాపట్ల వెళ్లాయి.

వాళ్లకి మర్యాద చేయకుండా మావాళ్లని ఆపడానికి నువ్వు చచ్చిపోవాల్సి వచ్చింది అక్కా. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది. కుర్చీల్లోంచి లేవనివాళ్ల మీద, కుర్చీలు వేసినవాళ్ల మీద కూడా.

రేపు ప్లాంట్ వస్తే నీ ఫొటోకి దండేసి రిబ్బన్ కట్ చేస్తారు. నన్నూ పిలుస్తారు. నేను రాను.

పడుకో అక్కా. ఇక ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, ఎవరినీ అండి అనక్కర్లేదు. నీ ప్రాణానికి ఇప్పుడైనా నెమ్మది దొరకాలి.