మొరీటా గారి సీసా

మైపాడు నుంచి నెల్లూరు పోయే బస్సు ఇందుకూరుపేట దాటింది. రొయ్యల గుంటలు సాగుచేసే కామాక్షమ్మ పక్కన యూనివర్సిటీ లెక్చరర్ కిషోర్ బాబు కూర్చున్నాడు. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఒళ్లోని ఐసుపెట్టెను గాల్లోకి లేపి పట్టుకుంటున్నాడు. కాశీ రైళ్లలో అస్థికల కుండ మోసేవాళ్లు అలాగే కూర్చుంటారు.

“చేపలా సార్?”

“గుంటల నీళ్లక్కా, రొయ్యల తెగులు పరీక్షకి. ఒక సీసా నాకు, ఒకటి జపాను ప్రొఫెసర్ మొరీటా గారికి.” ఒకే నీటిని రెండు దేశాల్లోనూ పరీక్షించాలన్నది నిధులిచ్చినవాళ్ల షరతు. “ఆయన పోయినేడు చనిపోయినాడు,” అన్నాడు మెల్లగా.

కామాక్షమ్మ కాళ్లు ముడుచుకుంది. “మరి ఆ సీసా?”

“ఫ్రిజ్‌లో పెడతా. ఆయన సీసాలతో ఒక అర నిండిపోయింది. తలుపు తీస్తే, నావింకా పంపలేదేమని ఆయనే అడుగుతున్నట్టు ఉంటాది.”

ఆయన చోటికి రావడానికి జపానులోనే ఇంకో ప్రొఫెసరమ్మ ఒప్పుకుందని చెప్పాడు. ఆమె పేరు ఈరోజు నిధులిచ్చినవాళ్లకు పంపకపోతే డబ్బు ఆగిపోతుందట.

“ఆ పేరు పంపరాదా సార్?”

“పంపితే ఆయన్ని నేనే వెళ్లగొట్టినట్టుంటాదక్కా.”

“బాగుండాది! పోయినాయనకి నీళ్లు పెడతా కూర్చుంటే, బతికుండే నా రొయ్యలకి దిక్కెవురు?”

బస్సు నెల్లూరులోకి వస్తుండగా అతను ఫోను తీసి యూనివర్సిటీ ఆఫీసుకు చేశాడు. “మొరీటా గారి చోట ఆమె పేరు పెట్టి పంపేయండి,” అన్నాడు, ఇంటివాళ్లకు చావుకబురు చెప్పే గొంతుతో.

“మంచి పని చేసినారు సార్,” అంది కామాక్షమ్మ.

బస్సు ఆగింది. అతను ఆమెకేసి చూడకుండానే దిగి, తన పక్కనే మొరీటా గారు కూడా వస్తున్నట్టు ఒక మనిషికి చోటు వదిలి నడుస్తూ జనంలో కలిసిపోయాడు.