గంపల కింది మేకపిల్లలు

గిద్దలూరులో మాది పైపులు, సిమెంటు అమ్మే దుకాణం. ఆదివారం ఒంటిపూటే తెరిచేవాళ్లం. షట్టరు దించగానే నేను గేర్ల సైకిలెక్కి నల్లమల అంచుకు పోయేవాణ్ని. "ఒళ్లు కరగాలంటే సైకిలెందుకురా, సిమెంటు మూటలెత్తు చాలు" అని మా నాయన ఎగతాళి చేసేవాడు. నేను వింటేగా! కట్టెలు మోసేవాళ్ల కాలిబాటలో రాళ్ల మీద ఎగిరెగిరి దిగడమంటే నాకు పిచ్చి. ఆ సైకిల్‌ను ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు.

ఆ బాటలో ఒక ముసలాయన మేకలు కాసేవాడు. కొండ కింద ముళ్లకంచె దొడ్డి ఆయనది. పాలు తాగే పిల్లలు మందతో తిరగలేవు కాబట్టి, వాటిని దొడ్డిలో పెద్ద గంపల కింద మూసి, నక్కలు తోసెయ్యకుండా పైన రాళ్లు పెట్టి, తల్లుల్ని మేపడానికి తోలుకుపోయేవాడు. ఎండలు ముదరగానే ఎండుగడ్డికి నిప్పు పెట్టేవాడు. కాలిన చోట తొలి వానకు లేతగడ్డి వస్తుంది.

"తప్పు కదా తాతా?" అంటే, "మా నాయన పెట్టినాడు, నేను పెడతాండా. కొండ కాలకపోతే మేక ఏం తింటది అబ్బయ్యా?" అనేవాడు.

ఏటేటా చెట్లు తగ్గాయి. వానలకు మన్ను కొట్టుకుపోయి బాట నిండా రాళ్లు తేలాయి. నిజం చెప్పొద్దూ, నాకది సంతోషమే. రాళ్లెక్కువైతే తొక్కడం మజాగా ఉంటుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన వాగు దగ్గర మందను వదిలేసి కొండవైపే చూస్తూ నిలబడ్డాడు. పొగ. పొద్దున తానే పెట్టి, ఆరిపోయిందనుకుని వచ్చేసిన మంట. ఏ మొద్దులోనో నిప్పు మిగిలినట్టుంది. గాలి తిరిగి దొడ్డివైపు తోస్తోంది. కొరివితో తల గోక్కున్నట్టయింది ఆయన పని.

"ఏడు పిల్లలుండాయి అబ్బయ్యా, గంపల కింద! ఈ మోకాళ్లతో నేను పోయేలోపు అయిపోతది. నీకు సైకిలుంది. రాళ్లు తీసి గంపలెత్తు చాలు, అవే ఉరుకుతాయి" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

"పోతా తాతా, నువ్వు భయపడొద్దు" అన్నాను. పెద్ద వీరుడిలా తొక్కాను.

తొందరలో నేనెప్పుడూ తొక్కని అడ్డబాట పట్టాను. దొడ్డి కనబడే చోటికి పోయేసరికి ముందు బాటే లేదు. పోయిన ఏటి వానలకు కోసుకుపోయి మనిషిలోతు గండి పడింది. సైకిల్ వదిలి, గండిలోకి జారి, అవతలికెక్కి పరుగెత్తాలి. మంట ఇంకా దొడ్డిని తాకలేదు. పిల్లల అరుపులు వినబడుతూనే ఉన్నాయి. అంతలో మంట ఒక పక్క నుంచి నేనున్న గట్టు మీద గడ్డిని అందుకుంది. సైకిల్ ఇక్కడ పెడితే తిరిగొచ్చేసరికి బూడిదే. ముందు దాన్ని వెనక్కి తీసుకుపోయి బండమీద పెట్టి వద్దామనుకున్నాను. పెట్టాను కూడా. వెనక్కి తిరిగేసరికి కంచె భగ్గుమంది. అరుపులు కాసేపు వినబడి ఆగిపోయాయి. ఛీ, నా బతుకు!

ముసలాయన కుంటుతూ ఎదురొచ్చాడు. "ఏమాయె అబ్బయ్యా?"

"నేను పోయేసరికే అంటుకుంది తాతా." అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో!

"నా చేతుల్తో నేనే కాల్చుకుంటి" అని చెంపలు వాయించుకుంటూ కూలబడ్డాడు.

పొద్దువాలేసరికి తల్లిమేకలు పొదుగులు నిండి, దొడ్డివైపు మెడలు చాచి ఒకటే అరుపు. పిండకపోతే పొదుగులు రాయి కడతాయని ఆయన ఒక్కోదాన్నే పట్టుకుని సద్దిగిన్నెలోకి పిండాడు. ఆ గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు.

"తాగు అబ్బయ్యా. తాగేవి లేవు గదా ఇంక. నా కోసం మంటల్లోకి పోయినావు. కడుపున పుట్టినోడు కూడా పోడు."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వద్దంటే ఎందుకని అడుగుతాడు. గిన్నె అందుకుని చుక్క మిగలకుండా తాగాను.