అన్నీ సున్నాలు పెట్టింది నేనే

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగితే దిగదు, దగ్గితే రాదు. దాన్ని మోస్తూనే తిన్నాను, తిరిగాను, నవ్వాను. అవును, నవ్వాను. ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది. ఏడుపు దాని వెనకాల నిదానంగా వస్తుంది. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. నేను చెబుతుంటే మా వీధిలో తెలుగు రాయడం వచ్చిన ఒకావిడ కాస్త సరిచేసి రాస్తోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది గుడియాత్తం. మా ఇంటాయన లుంగీలు నేసేవాడు. ఆయన పోయాక, ఆయన సరుకు ఇచ్చిన కొట్టులోనే నాకు ఊడ్చే పని దొరికింది. కొట్టు వెనక గదిలోనే నా కాపురం. కొట్టు యజమానిని మేము ముదలాలి అంటాం. ఆయన మేడ మీద ఒక కంప్యూటర్ పెట్టించాడు. పాత లుంగీలు, కొత్త లుంగీలు అన్నింటికీ ఫోటోలు తీసి, నేసినవాళ్ల పేర్లతో సహా అందులో వేయించాడు. ఏది కావాలో అడిగితే వెతికి చూపిస్తుంది. దాన్ని సర్దడానికి వేలూరు నుంచి కవిత అనే పిల్ల వచ్చేది. మన తెలుగు పిల్లే. ఒక్కతే పని చేసుకోవడం దానికి చేతకాదు, ఎవరికో ఒకరికి చెబుతూ చేయాలి. అక్కడ ఉండేది నేనే కాబట్టి నాకే చెప్పేది.

ఆ మిషన్‌కు ఒక వాకిలి ఉంటుందట. ఫోన్లో దాని అడ్రస్ కొడితే, ఆ వాకిట్లో నుంచే ప్రశ్న లోపలికి పోయి జవాబు బయటికి వస్తుందట. ఎవరికి తెరవాలో ఒక వరుసలో అంకెలుగా రాసిపెట్టాలి. నూట ఇరవై ఏడుతో మొదలయ్యే అంకె పెడితే, మిషన్ ముందు కూర్చున్నవాళ్లకే పలుకుతుంది. అన్నీ సున్నాలు పెడితే, కొట్టు వైఫై అందే ప్రతి ఫోనుకూ పలుకుతుంది. ఒక రోజు కవిత నాకు చూపించడానికే సున్నాలు పెట్టి, నా ఫోన్లో తెరిచింది. లుంగీలు వరసగా కదిలాయి. ముదలాలికి ఇట్లా అందరికీ తెరవడం ఇష్టం లేదని చెప్పి, వెంటనే పాత అంకె పెట్టి మూసేసింది. మూసింది. నేను పక్కనే నిలబడి చూశాను. ఇది మీరు గుర్తు పెట్టుకోండి.

అందులో మా ఇంటాయన లుంగీలు కూడా ఉంటాయి కదా అని ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. చూపించమని కవితను అడగవచ్చు. కానీ పేరు చెబితేనే మిషన్ వెతుకుతుంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన పేరు నోటితో పలకలేదు. మాలో పలకరు. వేలూరు ఆస్పత్రిలో ఆయనను చేర్పించినప్పుడు కూడా, పేరేమని అడిగిన అమ్మాయికి తిరుమల కొండ మీదాయన పేరేనని చెప్పాను. ఆ అమ్మాయి శ్రీనివాసన్ అని రాసుకుంది. ఆ పేరు కాదని చెప్పాలన్నా అసలు పేరు పలకాలి కదా, ఊరుకున్నాను. ఆ పడక మీద ఉన్నన్నాళ్లూ ఆయన శ్రీనివాసనే. నర్సు పిలిస్తే పక్కవాళ్ల వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, కళ్లతోనే తిట్టేవాడు. అంత జబ్బులోనూ మేము ఆ విషయానికి ఎంత నవ్వుకున్నామో.

కవిత ముందర ఆ పేరు ఎట్లా పలికేది? ఒంటరిగా ఉన్నప్పుడైతే పలకవచ్చుననుకున్నాను. నా గదిలో, నా ఫోన్లో.

ఒక మధ్యాహ్నం కవిత కిందికి అన్నానికి పోయింది. తెర మీద ఆ వరుస అట్లాగే ఉంది. చీపురు గోడకు ఆనించి, ఒక్కొక్క అంకె చెరిపి, అన్నీ సున్నాలు పెట్టాను. ఆ పిల్ల ఎక్కడ నొక్కుతుందో అక్కడే నొక్కాను. గదికి పోయి ఫోన్ చూస్తే ఏమీ రాలేదు. నాకు చేతకాలేదు, పీడ పోయిందనుకున్నాను. మార్చిన మాట మిషన్‌కు తెలియాలంటే ఒకసారి ఆగి లేవాలని, ఆ రోజు కవిత నాకు చెప్పకుండానే దాన్ని ఆపి లేపిందని నాకేం తెలుసు? మరుసటి రోజు కరెంటు పోయింది. వచ్చాక మిషన్ లేచింది. నా ఫోన్లో వాకిలి తెరుచుకుంది.

తలుపు గడియ వేసుకున్నాను. ముందు ఫోనుతో కూడా కొండ మీదాయన అనే చెప్పాను. నిజంగానే చెప్పాను. ఏమీ రాలేదు. చివరికి కళ్లు మూసుకుని ఆ పేరు పలికాను. కళ్లు తెరిస్తే ఆయన నేసిన గళ్లన్నీ నా అరచేతిలో ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ అంచు పక్కన ఒక ఎర్ర పోగు. ముదలాలి వద్దని ఎంత మొత్తుకున్నా ఆయన ఆ పోగు వేయకుండా ఉండేవాడు కాదు. మా ఇంట్లో ఆయన మళ్లీ మొండికేసి కూర్చున్నట్టే అనిపించింది. నాకు అంత సంతోషం ఎప్పుడు కలిగిందో చెప్పలేను.

అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. సంతోషం కడుపులో దాచుకునే రకం కాదు నేను. నేతగాళ్ల ఇళ్ల ఆడవాళ్లను పిలిచాను. వైఫై నా గది, దాని ముందు పెరడు దాటి అందదు కాబట్టి, పెరట్లోనే గుంపుగా నిలబడి, ఒక్కొక్కరూ మొగుడి పేరు ఫోనుకు చెప్పారు. కొందరు కొంగు నోట్లో కుక్కుకుని చెప్పారు. ఒకావిడ ఎన్నేళ్ల కసో ఏమో, పేరు వెనకాల రా అని కూడా చేర్చింది. మొగుడు పక్క వీధిలో మగ్గం మీద ఉన్నాడు. మేము నేల మీద కూలబడి నవ్వాము. ఆ నవ్వు మాత్రం తప్పని నేను ఇప్పటికీ అనలేను.

వాళ్ల ఫోన్లలోకి అడ్రస్ పోయింది, అక్కడి నుంచి ఎవరెవరికో పోయింది, వాళ్లూ పెరట్లోకి వచ్చి చూసి ఫోటోలు పట్టుకుపోయారు. రంజాన్‌కని ముదలాలి దాచిపెట్టిన కొత్త గళ్లు ఒడుగత్తూరు సంతలో ముందే కనబడ్డాయి. వాకిలి ఎవరు తెరిచారని అడిగాడు. దాని అంకెలు తెలిసింది కవితకే. నన్ను ఎవరు అనుమానిస్తారు? ఆ పిల్ల మెట్ల మీద నా పక్కన వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, ఆ పొద్దు నీకు చూపించి నేను మళ్లా మూసినాను కదా? నువ్వు ఈడనే ఉండావు."

"నాకేం తెలుసు పాపా. సదువు రాని దాన్ని."

"అట్లయితే నేనే మరిసిపోయినానేమో."

అంతే. సంచి తీసుకుని వేలూరు బస్సెక్కింది. ముదలాలి మళ్లీ రానివ్వలేదు.

సున్నాలు పెట్టడం ఆశతో చేశాను. ఈ మాట మాత్రం ఏ ఆశతో అన్నాను? పని పోతుందని భయమా? గది పోతుందనా? అవి ఉన్నాయి. కానీ పేరు పలికానని బయటపడుతుందనే సిగ్గు కూడా ఉంది, అది పైకి చెప్పుకోలేని సిగ్గు. చదువు రాకపోవడాన్ని జీవితమంతా బరువనుకున్నాను. ఆ రోజు దాన్నే కప్పుకుని దాక్కున్నాను.

మొన్న తొరపాడిలో ఒక పెళ్లిలో కవిత కనబడింది. మంచి ఉద్యోగంలో ఉంది, తన కింద పిల్లలు పని చేస్తున్నారు. నన్ను వాటేసుకుని, నా ఆకులో రెండో లడ్డు వేయించింది. తను వాకిలి మూయడం మరిచిపోయిన కథ కొత్తగా చేరినవాళ్లందరికీ చెబుతుందట. అప్పటి నుంచి ఏది మూసినా వెనక్కి వచ్చి మళ్లీ చూసుకుంటుందట, ఇంటి తాళం కూడా. నవ్వుతూనే చెప్పింది. నాకు లడ్డు దిగలేదు.

కవితకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. కాబట్టి దీన్ని తను చదవదు. అది తెలిసే తెలుగులో రాయిస్తున్నానా? ఏమో, అదీ కావచ్చు. రాస్తున్నావిడ ఇప్పుడే అడిగింది, ఆ పిల్లకు ఫోన్ చేసి చదివి వినిపించమంటావా అని. కలపమన్నాను. అవతల మోగుతోంది. క్షమిస్తుందో లేదో నాకు తెలియదు, అది నేను అడగను. గొంతు మాత్రం ఇప్పటికే తేలికైంది.

మా ఇంటాయన పేరు వెంకటేశులు. ఆ రోజు నువ్వు మూసినావు పాపా. నేను చూసినాను.