పెద్ద ఏబీసీడీలు, ఇరవై తప్పులు

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. ముందు తెలుగు, ఆ తరువాత ఇంగ్లీషు. ఇంగ్లీషులో పెద్ద ఏబీసీడీలే చేతికి అలవాటయ్యాయి. బస్సుల మీదా ఎరువు బస్తాల మీదా కనిపించేవి అవే. చిన్నవి చదవగలను గాని రాయాలంటే విసుగు. తెలుగులో ‘క’ ఎక్కడ రాసినా ‘క’. ఒకే అక్షరానికి రెండు వేషాలు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా కోడలు విజయనగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నేను ఓపెన్ టెన్త్ కడతానంటే సంబరపడి, ఇంగ్లీషు మాటలు సాధన చెయ్యమని తనే ఒక ప్రోగ్రాం రాసి, ఇంట్లో పాత కంప్యూటర్లో పెట్టింది. తెర మీద తెలుగు మాట వస్తుంది. దానికి ఇంగ్లీషు మాట నేను కొట్టాలి.

ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు. మీటల మీద పెద్ద అక్షరాలుంటే తెర మీద చిన్నవి పడుతున్నాయి. వెతికి వెతికి, అన్నీ పెద్దవే పడేలా చేసే మీట పట్టుకున్నాను. బియ్యం, ఆవు, వాన, చేప... ఇరవై మాటలూ కొట్టాను. ఇరవైకీ ఎర్రగా ‘తప్పు’ అని వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే. వాన అన్న మాట కూడా రానిదాన్ని, ఏ ముఖం పెట్టుకుని పరీక్షకి వెళతానని సిగ్గేసింది. ఎస్.కోటలో మా ఓపెన్ స్కూల్ సెంటర్ మేడం పరీక్షకి పేర్లు పంపేది ఆ రోజే. ఫోన్ చేసి నా పేరు తీసెయ్యమన్నాను.

సాయంత్రం కోడలు వచ్చి తెర చూసింది.

“అత్తా, అన్నీ రైటే కదా!”

“మరి తప్పని ఎందుకన్నాదే అది?”

నవ్వుతూ చెప్పింది. కంప్యూటర్ లోపల ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుందట. పెద్దదానికి ఒకటి, చిన్నదానికి వేరొకటి. తను జవాబులన్నీ చిన్నవాటితో పెట్టింది. అంకెలు కలవకపోతే దాని లెక్కలో తప్పే. పోల్చే ముందు నేను కొట్టిందీ తను పెట్టిందీ చిన్నవిగా మార్చమని ఒక్క మాట రాస్తే చాలట.

“ఆ ఒక్క మాట రాయడానికి నీకేటొచ్చింది?”

“మర్సిపోనాను అత్తా. అందరూ సిన్నవే కొడతారు కదా అని...”

“అందరూ అంటే ఎవులే? నీ కాలేజీ పిల్లలా? ఇది నాకోసం రాసినావా, ఆళ్ల కోసం రాసినావా?”

దాని నవ్వు ఆగిపోయింది. “ఇప్పుడే సరిసేస్తాను” అని కుర్చీ లాక్కుంది.

“అది తరవాత సూద్దువు. ముందు మేడంకి ఫోన్ సెయ్యి. తప్పు నీదేనని నీ నోటితో సెప్పు.”

చేసింది. మేడం మధ్యాహ్నమే పేర్లు పంపేసిందట. ఇక వచ్చే ఏడాదే. కోడలు ఆ ఒక్క వరుసా రాసి, కంప్యూటర్ నా వైపు తిప్పింది. బియ్యానికి పెద్ద అక్షరాలతోనే కొట్టాను. పచ్చగా ‘ఒప్పు’ అని వచ్చింది. ఏడాది పోయాక ఒప్పుకుంటే ఎవరికి కావాలి?

“పరీక్షలో పేపరు దిద్దే మనిషికి పెద్దవైనా సిన్నవైనా ఒకటేనా?” అని అడిగాను.

“ఆ, ఒకటే అత్తా” అంది మెల్లిగా.

లేచి వంటింట్లోకి పోయాను.