గీకేసిన మైనపు గొట్టం

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, నూనె దండగ, దీపం ఆర్పి పడుకోండి అని కసిరే మనిషిని నేను. ఎనభై దాటినా ఆ మాట మార్చుకోలేదు. పాడుబడ్డ ఇంట్లో అద్దెకున్నాను. సమాధుల పక్క చేలో కలుపు తీయించాను. ఏమీ కనబడలేదు, ఏమీ వినబడలేదు. నా చదువు నాలుగో తరగతి. లేనిది అల్లి రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇది పంతొమ్మిది వందల ముప్ఫైల నడిమి మాట. నాకు పెళ్లయి రెండేళ్లు. మా ఆయన తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు గుమాస్తా. మా మావయ్యగారు ఏలూరులో క్రైస్తవ బడి పంతులుగా చేసి మానేశారు. కాలవ దగ్గర మూడు గదుల పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. అత్తగారు నా పెళ్లికి ఏడేళ్ల ముందే పోయారు. నేను ఆవిణ్ణి చూడలేదు. ఇంట్లో ఫొటో కూడా లేదు.

ఆ ఏడు వానాకాలంలో మావయ్యగారి కళ్లకు పొరలు కమ్మేశాయి. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. వండిపెట్టడానికి ఎనిమిది నెలల కూతుర్ని చంకనేసుకుని నేను ఏలూరు వచ్చాను. మా ఆయన శనివారం రైలుకి వచ్చి ఆదివారం వెళ్లేవారు.

మావయ్యగారి దగ్గర ఒక మాటల మిషను ఉండేది. బడి నడిపిన దొరసాని తన దేశం వెళ్లిపోతూ ఇచ్చింది. అప్పటికే ఊళ్లో కలిగినవాళ్ల ఇళ్లకు ప్లేట్లు పెట్టి పాడించే గ్రామఫోన్లు వచ్చేశాయి. ఇది వాటికన్నా పాతది. ప్లేటు బదులు మైనంతో చేసిన గొట్టం ఉంటుంది, జానెడు కన్నా పొట్టిది. తాళం తిప్పి బూరా ముందు మాట్లాడితే సూది మైనం మీద గీతలు గీస్తుంది. సూది మార్చి మళ్లీ తిప్పితే ఆ మాటే బయటికి వస్తుంది. రెండు నిమిషాలు, అంతే. అక్కర్లేని మాట ఉంటే మిషనుకే ఉన్న చిన్న కత్తితో గీకేసి, నున్నగా చేసి, కొత్త మాట పట్టుకోవచ్చు. ఆ మిషనులో నాకు నచ్చింది అదొక్కటే.

గొట్టాలు మొత్తం ఐదు. కొత్తవి ఎక్కడా దొరికేవి కావు. ఎండకి మెత్తబడతాయి, చెమ్మకి బూజు పడతాయి. అందుకని దూది చుట్టి, ఒక్కోదాన్ని ఒక్కో అట్టపెట్టెలో పెట్టి, మంచినీళ్ల కుండల గదిలో చల్లగా ఉంచేవారు. తిప్పినప్పుడల్లా సూది కొంచెం అరగదీస్తుందని ఊరికే వినేవారు కాదు. ఆ పద్ధతి నాకూ సబబుగానే తోచింది.

పెట్టెల మీద ఆయన చేతిరాత ఉండేది. మూడింటి మీద 'గుడిలో' అని. అవి చర్చిలో పాడిన కీర్తనలు. ఒకదాని మీద 'బడిలో' అని. అది పిల్లలు ఎక్కాలు అప్పజెప్పింది. ఐదో దాని మీద 'ఇంట్లో' అని.

అక్టోబరు చివర్లో మావయ్యగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, పాప ఊసులు పట్టుకుందామే. మీరు వెళ్లిపోయాక వింటాను. పనికిరానిదేదో చూసి గీకెయ్" అన్నారు.

పనికిరానిదేదో నేనే ఎంచాను. కీర్తనలు ముట్టుకోకూడదు. బడి పిల్లల్లో ఒకడు ఆ తర్వాత జ్వరంతో పోయాడు. వాళ్లమ్మ ఏడాదికోసారి గణపవరం నుంచి వచ్చి, ఆ గుంపులో కొడుకు గొంతు ఏదో వెతుక్కుని వెళ్లేది. అదీ ముట్టుకోకూడదు. ఇక మిగిలింది 'ఇంట్లో'. మిషను కొత్తలో ఇంట్లో కూర్చుని పరీక్షకి పట్టుకున్నదేదో అయి ఉంటుందని అనుకున్నాను. విని చూస్తే సూది అరుగుదల దండగ అనిపించింది. వినలేదు.

మూడుసార్లు గీకాను. మొదటిసారి గీకాక వెలుతురుకి పెట్టి చూస్తే సన్న గీతలు కనిపించాయి. రెండోసారికి చాలావరకు పోయాయి. మూడోసారికి అద్దంలా అయింది. రాలిన పొడి కుట్టు దారానికి పూసుకోవచ్చని అగ్గిపెట్టెలోకి ఎత్తాను. తర్వాత పాపని బూరా ముందు కూర్చోబెట్టాం. మావయ్యగారూ నేనూ నోరు మెదపలేదు. పాప కాసేపు "త్త, త్త" అంది, నవ్వింది, చివరికి ఏడుపు లంకించుకుంది. గదిలో మేం ముగ్గురం తప్ప ఇంకెవరూ లేరు. ఆ గొట్టాన్ని అదే పెట్టెలో పెట్టి, పైన మాట మార్చకుండా దాచేశాను.

నవంబరులో మా పెద్ద ఆడబిడ్డ మండవల్లి నుంచి కొల్లేటి మీద పడవలో వచ్చింది. కుండలో బతికున్న కొరమేనులు తెచ్చింది. మర్నాడు అత్తగారు పోయిన రోజు, సాయంత్రం ఇంట్లో ప్రార్థన. వదినకి నోరెక్కువ, మనసు మంచిది. వస్తూనే మావయ్యగారి మంచం దగ్గర కూలబడింది.

"నాన్నగారూ, ఈ ఏడైనా అమ్మ గొట్టం నన్ను విననిస్తారా? లేకపోతే నలుగురు వింటే ఎక్కువ అరిగిపోద్దా?"

"ఈ ఏడు తలుపేసుకుని వినే యోగం నాకెక్కడిదే? కళ్లు లేవు. అమ్మాయే తిప్పాలి. నువ్వూ కూర్చో" అన్నారాయన.

నేను పెరట్లో బూడిద రాసి చేపలు తోముతున్నాను. ఆ మాటలు విని వదినని పిలిచి, అమ్మ గొట్టం ఏది వదినా అని అడిగాను.

"'ఇంట్లో' అని రాసి ఉంటది చూడు. నాన్నగారు మా అమ్మ పేరు నోటితో ఏనాడు పలికారు గనక, చేత్తో రాస్తారు? ఎవరడిగినా 'మా ఇంట్లో కనుక్కుని చెప్తానండీ' అనేవారు. అమ్మంటే ఇంట్లో, ఇంట్లో అంటే అమ్మ" అని నవ్వింది.

ఆ మాట నాకు తెలియంది కాదు. మా నాన్న కూడా మా అమ్మని అలాగే అనేవాడు. ఊళ్లో మగవాళ్లందరూ అలాగే అంటారు. రోజూ చెవిన పడే మాటే. పెట్టె మీద చూసినప్పుడు మాత్రం తట్టలేదు. కోడలికి ఆ మాత్రం తెలియదా అని ఆయన కూడా వేరే చెప్పి ఉండరు.

చేప చేతిలోంచి జారి బూడిదలో పడింది. మళ్లీ కడిగాను. వంట చేశాను. మర్నాడు పొద్దుట రెండుసార్లు ఆయన మంచం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మొదటిసారి ఆయన ఉతికిన చొక్కా అడిగి తొడుక్కుంటున్నారు. రెండోసారి తలకి నూనె రాసుకుని దువ్వుకుంటున్నారు. ఏడాదికోసారి వినే రెండు నిమిషాల కోసం ఆ ముస్తాబు. ముందు వినిపించేద్దాం, పాప గొంతు రాగానే కాళ్ల మీద పడదాం అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పన్నెండు దాటి ఉంటుంది, ఎండ వరండా మెట్లు దాటి లోపలికి వచ్చింది. పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. మావయ్యగారు కుర్చీలో కూర్చుని చెవి బూరాకి ఆనించారు. వదిన కింద కూర్చుంది. పెట్టె తీసి, రెండు వేళ్లు లోపలికి దూర్చి గొట్టం బయటికి తీశాను. మైనం మీద పాపని పట్టుకున్న కొత్త గీతలే కనిపించాయి. తాళం ఇచ్చాను. సూది ఆనించాను.

ముందు గరగర. తర్వాత పాప "త్త, త్త" అంది. నవ్వింది. వదిన నావైపు తలెత్తి, "ఇదేంటమ్మా, పాపదీ..." అనబోయింది. పాప ఏడుపు మొదలైంది.

ఆ ఏడుపు మీద ఒక ఆడమనిషి మాట్లాడింది. పెద్దావిడ గొంతు. కొంచెం బొంగురు. పక్కగదిలోంచి వస్తూ మాట్లాడినట్టు, దూరంగా మొదలై దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, ఏడుస్తోందండీ. పాపం, తెలీక చేసింది. పిల్లనేమీ అనకండి."

అంతే. మళ్లీ గరగర, పాప ఏడుపు. గొట్టం అయిపోయింది.

వదిన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మే. అమ్మ గొంతే" అంది. ఆవిడకి అమ్మ పోయేనాటికి ఇరవై రెండేళ్లు, గొంతు మర్చిపోయే వయసు కాదు. మావయ్యగారు బూరా దగ్గర్నుంచి చెవి తీయలేదు. చాలాసేపటికి, "సూది ఎత్తెయ్యమ్మా, మైనం పాడవుద్ది" అన్నారు. కన్నీళ్లు పెట్టుకోలేదు. నన్ను ఏమీ అడగలేదు. సాయంత్రం ప్రార్థనలో ఎప్పుడూ చెప్పేట్టే కృతజ్ఞతలు చెప్పారు.

నేను కాళ్ల మీద పడలేదు. పడాల్సిన అవసరం తప్పిపోయిందనుకున్నాను. అడుగున పాత గీతలు మిగిలి ఉంటాయి, సరిగ్గా గీకలేకపోయాను, నా చేతకానితనమే నన్ను కాపాడింది అని సర్దిచెప్పుకున్నాను. ఎప్పుడో చుట్టాల పిల్ల ఎవరో ఏడిస్తే అత్తగారు అన్న మాటలు అయి ఉంటాయని కూడా అనుకున్నాను.

వదిన వెళ్లేముందు ఇంకొక్కసారి వింటానంది. తిప్పాను. పాప ఊసులు, నవ్వు, ఏడుపు. ఆవిడ గొంతు లేదు. వదిన తన చేత్తో మళ్లీ పెట్టి చూసింది. లేదు. అరిగిపోయిందేమోలే అని తన్నుతాను సముదాయించుకుంటూ పడవెక్కింది. తర్వాత నేనొక్కదాన్నీ పట్టపగలు నాలుగుసార్లు విన్నాను. నాకు అరుగుదల మీదున్న పట్టింపు ఆ నాలుగుసార్లూ వదిలేశాను. లేదు.

మరుసటి ఏడు అదే రోజు వచ్చింది. నేనింకా ఏలూరులోనే ఉన్నాను. మావయ్యగారు మిషను తీయమనలేదు. చొక్కా మార్చుకోలేదు. అది చూశాక అన్నం వదిలేసి లేచాను. వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, "మావయ్యగారూ, నిరుడు అత్తయ్యగారి గొట్టం నేనే గీకేశానండీ. 'ఇంట్లో' అంటే తెలీలేదండీ" అని చెప్పేశాను.

"తెలుసమ్మా" అన్నారు.

"పాత గీతలు మిగిలి వినబడింది గనక సరిపోయిందండీ" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "అందులో ఉన్నది అది కాదమ్మా. మీ అత్తగారిని ఒకసారి బలవంతాన కూర్చోబెట్టాను, ఏదైనా మాట్లాడవే అని. 'నన్నేం మాట్లాడమంటారండీ? పొయ్యి మీద పులుసు మాడిపోతోంది. చాలా? ఇక లేవనా?' అంది. అంతే ఉంది అందులో. ఎనిమిదేళ్లు అదే విన్నాను. ప్రతిసారీ ఆ పులుసు మాడేది. నిరుడు మనం విన్నది నేనెప్పుడూ విన్నది కాదు."

"మరి అప్పుడే నన్ను అడగలేదేంటండీ?" అన్నాను.

"ఏమీ అనొద్దని చెప్పింది కదమ్మా" అన్నారు.

అప్పటిదాకా పిల్ల అంటే ఎవరో పసిపిల్ల అనుకున్నాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు.

మావయ్యగారు ఆ తర్వాత రెండేళ్లు బతికారు. మిషను ఊసు మళ్లీ ఎత్తలేదు. గొట్టాలు ఒక వరద ఏట బూజుపట్టి తెల్లగా అయిపోయాయి, నేనే పారేశాను. రేడియోలు బాగుచేసే మా మనవడికి ఇదంతా చెబితే, అడుగు గీత మిగిలి ఉంటుంది బామ్మా, అలా జరుగుద్ది అన్నాడు. మిగిలితే పులుసు మాట రావాలి కదరా అన్నాను.

వదినా లేదు, మావయ్యగారూ లేరు. విన్నవాళ్లలో నేనొక్కదాన్నే ఉన్నాను. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. అయితే మొన్నామధ్య చర్చి దగ్గర ఒకావిడ మాటల్లో, మీ అత్తగారు ఎలాంటి మనిషండీ అని అడిగితే, నన్ను ఎంతో కడుపులో పెట్టుకుని చూసిందండీ అనేశాను. ఎన్నాళ్లు కలిసున్నారని అడిగింది.